ఎర్రదారం కొలత

బెలాయిద్ వేసిన బాట ఎంత చదునుగా ఉంటుందంటే, దాని మీద నారింజపండు పెడితే దొర్లాలా వద్దా అని కాసేపు ఆలోచిస్తుంది. ఇది బెలాయిద్ చెప్పిన మాటే గానీ అబద్ధం కాదు. నిజంగానే పండు పెట్టి చూశాడు. పండు ఇంకా ఆలోచనలో ఉండగానే దేవదారు మీంచి కోతి దిగి పట్టుకుపోయింది కాబట్టి అది చివరికి ఏం తేల్చుకుందో ఎవరికీ తెలీదు.

బండ్లు ఆగే చోటు నుంచి కొండ అంచు దాకా నూట ఎనభై అంగల బాట అది. చక్రాల కుర్చీ వెళ్ళి, ఎదురొచ్చే ఇంకో కుర్చీకి దారిచ్చేంత వెడల్పు. మధ్యలో ఊపిరి పీల్చుకోడానికి ఒక చదునుచోటు. చివర అర్ధచంద్రంలా ఒక తిన్నె, దాని అంచున గోడ. గోడ దగ్గర నిలబడితే జుర్జురా కొండలన్నీ మంచు టోపీలు పెట్టుకుని ఎదురుగా కూర్చుని ఉంటాయి. బాట మొదట్లో, దాన్ని వేయించిన అడవి పార్కు వాళ్ళు నీలం పలక పాతారు. దాని మీద తెల్లటి మనిషి చక్రం మీద కూర్చుని ఉంటాడు. అతనికి ముఖం లేదు, మెడ లేదు. ఊళ్ళో కొందరు అతన్ని ఎవరో మంత్రిగారనుకున్నారు.

బాట గురించి బెలాయిద్ ఎంతసేపైనా చెబుతాడు గానీ అతని ప్రాణమంతా గోడలో ఉంది. అందులో సిమెంటు చుక్క లేదు. రాయి మీద రాయి, ఏ రాయి అతుకూ కింది రాయి అతుకు మీద పడకుండా, రెండు మూరలకొకసారి గోడ మందమంతా పట్టే పొడుగురాయి, నడిమి సందుల్లో గుప్పెళ్ళతో కూరిన చిన్నరాళ్ళు. ఆ గోడను భుజంతో నెడితే గోడ కదలదు, వెనకనున్న భూమి కాస్త పక్కకు జరుగుతుందట. ఇది మాత్రం పండు పెట్టి చూసినట్టు చూసింది లేదు.

గోడ ఎత్తు దగ్గరే పెద్ద గొడవైంది. పార్కు వాళ్ళ కాగితంలో నడుమెత్తు ఇనుపకమ్మీలు ఉన్నాయి. ఊరి సభ ససేమిరా అంది. ఆ అంచుకు నిట్టనిలువునా కింద ఆడవాళ్ళ ఊట ఉంది. పొద్దునా సాయంత్రం వాళ్ళు నీళ్ళకూ ఉన్ని ఉతుక్కోడానికీ వెళ్ళే వేళకు ఆ దారిలో మగవాడు కనబడడు. పొరపాటున కాలు పడితే గట్టిగా దగ్గి వెనక్కి తిరుగుతాడు. అలాంటి చోట కమ్మీలు పెడితే ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి వాటి మీద పొట్టలానించి కిందికి చూస్తారు. సభ పెద్ద అమీన్ మొఖ్రాన్ ఈ తలనొప్పి మనకెందుకని ఆడవాళ్ళనే అడిగించాడు, ఎంతెత్తు కావాలని. మూడు రోజులకు జవాబు వచ్చింది. నోటిమాటగా ఏమీ రాలేదు. ఒక ఎర్ర ఉన్నిదారం వచ్చింది, దానికో ముడి. దారం కొస నేలకు ఆనిస్తే ముడి ఎక్కడికొస్తుందో అక్కడిదాకా గోడ.

ముడి ఎవరు వేశారని మగవాళ్ళు అడగలేదు. అడగరు. బెలాయిద్ ఆ ముడి ప్రకారమే ఎనిమిది నెలలు కట్టాడు. నిలబడ్డ మనిషికి గోడ రొమ్ము దాటి వస్తుంది. కొండలన్నీ కనబడతాయి, గోడ మందం అడ్డమొచ్చి ఊట మాత్రం కనబడదు. ఇంత తెలివైన కొలత పార్కు ఇంజనీరుకు కూడా తట్టలేదని బెలాయిద్ ఊరంతా చెప్పుకున్నాడు. పని అయిపోయినా దారం కోటు జేబులోనే ఉంచుకున్నాడు. పనిమంతుడు కొలత పారెయ్యడు.

బాట తెరిచింది గురువారం. మొదటి చక్రాలు ఖాల్తీ జూహెర్‌వి. ఊళ్ళో సగంమందికి ఆమె నిజంగానే పిన్ని వరస, మిగతా సగం భయం కొద్దీ ఖాల్తీ అంటారు. ఐదేళ్ళ కిందట ఆలివు కాయలు దులుపుతూ నిచ్చెన మీంచి పడింది, అప్పట్నుంచి కుర్చీలోనే. నడుము పోయింది గానీ కళ్ళకేం కాలేదు, ఇప్పటికీ మగ్గం ముందు సూదిలో దారం మొదటిసారికే ఎక్కిస్తుంది. ఆ పొద్దున రొట్టెలవ్యానులో వచ్చింది. వ్యానువాడు ఆమెనూ కుర్చీనీ దించి వెళ్ళాక కూడా చుట్టూ కమ్మటి రొట్టెవాసన నిలిచింది.

సాయం చెయ్యబోయిన బెలాయిద్‌ను ఆమె చూపుడువేలితో ఆపింది.

"తోశావంటే లేచి తంతాను."

అతను చేతులు వెనక్కి కట్టుకుని వెనకాలే నడిచాడు. ఆమె చక్రాలు తనే తిప్పుకుంటూ, చదునుచోట ఒక్కసారి ఆగి, తిన్నె చివరిదాకా వెళ్ళింది. అమీన్ అక్కడే ఉన్నాడు. పార్కు కాపలాదారు అరెజ్కి కూడా పుస్తకం పట్టుకుని ఉన్నాడు. ఎన్ని కుర్చీలొచ్చాయో రోజూ రాసి పంపమని అతనికి పైనుంచి హుకుం. మగవాళ్ళందరూ గోడ మీద మోచేతులు ఆనించి మంచుకొండలకేసి చూస్తూ సుభానల్లా అన్నారు. జూహెర్ గోడకేసి చూసింది. అరగంట చూసింది. ఒకసారి పెదవులు కదిలాయి, నవ్విందో తిట్టుకుందో తెలీలేదు. తర్వాత కుర్చీ తిప్పుకుంది.

"బాగా కట్టావు," అంది బెలాయిద్‌తో, అతని పక్కనుంచి వెళ్ళిపోతూ.

ఎనిమిది నెలలుగా అతను ఎదురుచూసిన మాట అదే. అయినా ఎక్కడో సరిగ్గా కూర్చోలేదు. పెద్ద రాయి పెట్టాక కింద శెనగగింజంత గులక ఉండిపోతే రాయి అలా ఊగుతుంది. అరెజ్కి పుస్తకంలో ఒకటి అని రాసుకున్నాడు.

శుక్రవారం ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి గోడ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కుర్చీని జానెడు జానెడుగా జరుపుకుంటూ, ప్రతి రాతినీ అరచేత్తో తడిమింది. కొన్నింటిని వేలితో పొడిచి చూసింది. బెలాయిద్ ఉండబట్టలేక దగ్గరకెళ్ళాడు. ఇది ఎక్కడి రాయి అని అడిగిందామె. పాత గానుగ ఇంటిదని చెప్పాడు. ఇది ఎంత లోపలిదాకా పోతుంది అంది. మోచేయంత అన్నాడు. మరి ఇది? ఇది గోడ ఈ మొహం నుంచి ఆ మొహం దాకా ఒకటే రాయి, దీన్ని మోసుకొచ్చిన గాడిద తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు అన్నాడు.

"మీ ఇంట్లో బుద్ధున్నది అదొక్కటే," అంది జూహెర్.

రాయి రాయికీ అడుగుతూనే ఉంది. అతను రాయి రాయికీ చెబుతూనే ఉన్నాడు, మధ్యమధ్య కొంచెం పెంచి. రొట్టెముద్దలాంటి ఒక బూడిదరంగు రాయి దగ్గర ఆమె ఎక్కువసేపు ఆగింది. దీని వెనక ఏముంది అని అడిగింది. వెనక చిన్నరాళ్ళు, వాటి వెనక దీని జోడు ఇంకో రాయి, పైన మటుకు పొడుగురాయి ఉంది అన్నాడు. ఆమె తలూపి, ఇంటికి వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా తల పైకెత్తి కొండల వైపు మెడ సాచలేదు.

ఆ మధ్యాహ్నం నమాజు అయ్యాక మసీదు బయట ఇదే మాట. ఫ్రెంచివాళ్ళ కాలంలో ఎవరో దాచిన బంగారం ఆ రాళ్ళలో ఉందని ముసలామెకు తెలుసని అరెజ్కి అన్నాడు. వయసు, ఇంకేముంది అన్నాడు అమీన్. ఇంకొకాయన ఆమెకు చూపు పోయింది, పౌరుషానికి చెప్పడం లేదన్నాడు. మూడు మాటలూ బెలాయిద్‌కు నిజంలాగే అనిపించాయి. కాసేపయ్యాక మూడూ తప్పనిపించాయి. చివరికి తన గోడ అంత అందంగా ఉంది కాబట్టి ఆమె కళ్ళు తిప్పుకోలేకపోతోందని ఒక కారణం దొరికింది. దాన్ని జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాడు.

భార్య ఫెత్తా కుస్‌కుస్ పళ్ళెంలో చేతులు పెట్టి రవ్వ నలుపుతోంది. అతను ఆ కారణాన్ని ఆమె ముందు పెట్టాడు. ఆమె చేతులు ఆగాయి.

"ఏమయ్యా, ఆ బాట ఎవరికోసం వేశావు?"

"పలక మీద బొమ్మ ఉందిగా. వాడికోసం."

"వాడికి నీ గోడ మీంచి ఏం కనపడుద్ది?"

"కొండలు."

ఫెత్తా నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. రవ్వ గింజలు మోచేతుల దాకా ఎగిరాయి. ఏమిటో చెప్పమని అడిగితే, అది ఆడవాళ్ళ సంగతి, నీ పని నువ్వు చూసుకో అంది. అతను చూసుకోడానికి అందులో పనేముందో అర్థం కాక చాలాసేపు చెప్పులు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

శనివారం తెల్లవారగానే ఒక ఖాళీ రంగు బకెట్టు పట్టుకుని బాట ఎక్కాడు. జూహెర్ కుర్చీ ఆగే చోట బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఎత్తు చాలలేదనిపించి కోటు మడిచి కింద పెట్టుకున్నాడు, ఇప్పుడు సరిగ్గా ఆమె కళ్ళ ఎత్తు.

జుర్జురా కొండలు పోయాయి. అన్ని వేల ఏళ్ళుగా ఎవరూ కదపలేని కొండల్ని అతనొక్కడు ఎనిమిది నెలల్లో మాయం చేశాడు. ఎదురుగా రాయి. దాని పక్కన రాయి. పైన ఉత్త ఆకాశం. అటు జరిగి చూశాడు, ఇటు జరిగి చూశాడు. ఒక చీమ పొడుగురాయి మీద ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చి వెళ్ళిపోయింది. మెడ సాచితే మెడ నొప్పి పుట్టింది తప్ప మంచు కనబడలేదు. వెనక్కి తిరిగి చూస్తే బాట మొదట్లో నీలం పలక మీద తెల్లమనిషి కూర్చుని ఉన్నాడు. మెడ లేనందుకు వాడికి ఈ బాధ లేదు.

బెలాయిద్ చెవులు వేడెక్కాయి. బకెట్టు అక్కడే వదిలి ఊళ్ళోకి దిగి, కాఫీ తాగుతున్న అమీన్ ముందు నిలబడ్డాడు. గోడ దించాలన్నాడు. ఎంత అని అడిగాడు అమీన్. కూర్చున్న మనిషికి కనపడేంత. అంత దించితే నిలబడ్డవాడికి ఏం కనపడుతుందో ఆలోచించావా అన్నాడు అమీన్. బెలాయిద్ ఆలోచించాడు. ఊట కనబడుతుంది. ఆ ముడి నాది కాదు, ఆడవాళ్ళది, దాని కింద ఒక్క రాయి తియ్యడానికి నేనెవణ్ణి, నువ్వెవడివి అన్నాడు అమీన్. మరి ఆడవాళ్ళను ఎవరడగాలి? అమీన్ కాఫీ అడుగున చక్కెర కలుపుతూ ఉండిపోయాడు.

దించితే తప్పు, దించకపోతే తప్పు. బెలాయిద్‌కు దారి పొడుగునా ఆ రెండు తప్పులూ రెండు భుజాల మీద కూర్చున్నాయి. పైకి వచ్చేసరికి ఏమీ తేలలేదు గానీ చేతులు వాటంతటవే పనిలోకి దిగాయి. కుర్చీ ఆగే చోట పైవరస కప్పురాయి కింద గునపం దూర్చి, బిస్మిల్లా అని లేపాడు.

"పెట్టు అక్కడ."

రొట్టెలవ్యాను వచ్చిన చప్పుడు అతనికి వినబడలేదు. జూహెర్ అప్పటికే చదునుచోటు దాటింది. అతను రాతిని రెండు చేతులతో పొట్టకానించుకుని నిలబడిపోయాడు.

"ఖాల్తీ, నీకేం కనపడట్లేదు."

"నీతో చెప్పానా కనపడట్లేదని?"

"నేను బకెట్టు మీద కూర్చుని చూశాను."

ఆమె బకెట్టు వైపు, దాని మీద మడిచిన కోటు వైపు చూసింది. ఎంతసేపు కూర్చున్నావని అడిగింది. చాలాసేపు అన్నాడు. నేను ఐదేళ్ళు అంది ఆమె, కోపం లేకుండా, వయసు చెప్పుకున్నట్టు.

రాయి బరువు అతని చేతుల్లోంచి నోట్లోకి వచ్చింది. ఆ ముడి వేసిన మహాతల్లి ఎవరో గానీ ఊట దగ్గర విప్పుకునే తన జుట్టు సంగతి చూసుకుంది తప్ప ఊళ్ళో కూర్చుని ఉన్న మనిషొకరున్నారని ఆమెకు గుర్తు లేదన్నాడు. అలాంటి మతిమరుపు మనిషి చేతికి దారం ఎవరిచ్చారన్నాడు. ఇంకా చాలా అన్నాడు. జూహెర్ చెంపకు చెయ్యి ఆనించుకుని అంతా విన్నది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని అతను మాట ఆపేస్తే తెలిసింది, నవ్వుతోంది.

"నిజమే," అంది కళ్ళు తుడుచుకుంటూ. "దానికి మతిమరుపే. ఆ రాయి దాని చోట పెట్టి, దారం ఇలా ఇయ్యి."

అతను కప్పురాయి పెట్టి, కిందికి గులక చేరకుండా ఊది, సర్దాడు. కోటు జేబులోంచి దారం తీసి ఇచ్చాడు. ఇస్తుంటే పన్ను పీకి ఇస్తున్నట్టుంది. ఆమె దాన్ని వేలికి చుట్టుకుని నడుం పట్టీలో దోపుకుంది. కింద వాళ్ళు ఈ గోడను నమ్ముకుని తలగుడ్డలు విప్పి జుట్టు కడుక్కుంటున్నారు, దీన్ని ముట్టుకున్నావంటే నీ పెళ్ళామే నిన్ను ముందు చంపుద్ది అని చెప్పి వెళ్ళిపోయింది. గోడ ముట్టుకోవద్దు. మరి దారం ఎందుకు తీసుకుంది? ఆ రోజంతా బెలాయిద్‌కు జేబులోకి చెయ్యి వెళ్ళడం, ఖాళీగా రావడం.

ఆదివారం ఆమె వచ్చినప్పుడు తిన్నె మీద అతనొక్కడే ఉన్నాడు. ఆమె దారం అతని అరచేతిలో పెట్టింది. దారానికి ఇప్పుడు రెండు ముళ్ళు ఉన్నాయి. పాతది పైన, దాని కింద బాగా తగ్గున కొత్తది.

బెలాయిద్ బొటనవేలితో పాత ముడి తడిమాడు. నేతపనిలో వేసే ముడి అది, ఎడమకు రెండు మెలికలు, కొస లోపలికి. ఎనిమిది నెలలు రోజూ పట్టుకున్నాడు, నిద్రలో కూడా గుర్తుపడతాడు. కొత్త ముడి తడిమాడు. ఎడమకు రెండు మెలికలు, కొస లోపలికి. మళ్ళీ పాతది తడిమాడు. నిన్న తను అన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చి తల వంగిపోయింది.

"నువ్వా, ఖాల్తీ."

"కొలత చెప్పమని నా దగ్గరికే వచ్చారు. పెద్దదాన్ని కదా." ఆమె గోడకేసి చూస్తూ మాట్లాడింది. "కళ్ళు మూసుకుని మనసులోనే ఇక్కడ నిలబడ్డాను. ఎంతెత్తు ఉంటే నాకు కొండలు కనపడతాయి, ఊట కనపడదు అని దారం పట్టి చూసుకున్నాను. ముడి వేశాను, పంపాను. నేను నిలబడలేనని అప్పుడు గుర్తు రాలేదురా. మొన్న గురువారం ఈ రాళ్ళ ముందుకొచ్చాకే వచ్చింది."

అతని బొటనవేలు పాత ముడి మీదే ఉండిపోయింది.

"ఇది కూర్చుని వేశాను, కిందికి చూస్తూ," అంది ఆమె, కొత్త ముడి చూపించి. "కొలిచి చూడు."

అతను మోకాళ్ళ మీద కూర్చుని దారం కొస నేలకు ఆనించి గోడ వెంట పైకి లాగాడు. రెండో ముడి రొట్టెముద్దలాంటి బూడిదరంగు రాయి నడిబొడ్డున పడింది. పైన పొడుగురాయి ఉంది, బూడిదరాయి తీసినా బరువు అదే మోస్తుంది. శుక్రవారం ఆమె రాళ్ళను ఎందుకు పొడిచిందో, లోతులు ఎందుకడిగిందో అతనికి అప్పుడు తెలిసింది. తను చెప్పిన గాడిద కథలన్నిట్లోంచి ఆమె తనకు పనికొచ్చే కొలతలు మాత్రం ఏరుకుంది.

అమీన్ దగ్గరికి వెళ్ళలేదు. ముడి ఆడవాళ్ళది. ఊట దగ్గర ఎవరూ ఉండని నడిమధ్యాహ్నం పని మొదలుపెట్టాడు. బూడిదరాయి చుట్టూ సన్నటి ఉలితో గీకి, అటూ ఇటూ ఆడించి, ఒళ్ళోకి లాక్కున్నాడు. వెనక చిన్నరాళ్ళను గుప్పెళ్ళతో తోడి బకెట్టులో పోశాడు. అసలు భయం అవతలి మొహం రాయితో. దాన్ని తోస్తే కింద ఊట మీద పడుతుంది. ఇనుపకొక్కేన్ని దాని మెడకు తగిలించి, రెండు కాళ్ళూ గోడకు తన్నిపెట్టి, ఊపిరి బిగించి ఇవతలికి లాగాడు. అది వచ్చేటప్పుడు చేసిన చప్పుడుకి అవతలి కొండ మీద కోతులన్నీ లేచి నిలబడ్డాయి. రెండు జానల కన్నం పడింది. ఆమె చూపు ఊట మీద పడేలా దాని అడుగు కిందికి వాల్చి చదును చేసి, చేతికి గుచ్చుకునే అంచులన్నీ అరగదీశాడు. నిలబడ్డవాడి కంటికి అందులోంచి ఊట కనబడదు. వంగినా అందదు. చూడాలంటే కూర్చోవాలి.

లోపలికి చూడాలని అతనికి చాలా అనిపించింది. కానీ కళ్ళు మూసుకునే దుమ్ము ఊదాడు.

ఎండ వాలి ఆడవాళ్ళ వేళ అయింది. కిందనుంచి బిందెల చప్పుడు మొదలైంది. బెలాయిద్ లేచి గోడకు వీపు పెట్టి, బాటకేసి తిరిగి నిలబడ్డాడు. వెనక చక్రాలు కిర్రుమన్నాయి, ఆగాయి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. అంతసేపు ఏమీ లేకపోతే అతనికి కొలత తప్పిందేమో అనిపించింది. కన్నం మరీ వాలిందా? కిందికి గాక రాతిపక్కకు చూపిస్తోందా? తిరిగి చూడలేడు.

కిందనుంచి ఒక గొంతు లేచింది. ఫెత్తాది.

"ఎవడ్రా అది, గోడకి కన్ను మొలిపించింది? చెంబు విసిరానంటే ఆ కన్నుండదు."

"ఆ చెంబుకు సొట్టపడి రెండేళ్ళయింది," అంది జూహెర్ కన్నంలోకి. "విసిరితే ఆ సొట్టన్నా పోతుంది, విసురు."

కింద నీళ్ళు పడే చప్పుడు ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత ఒక్కసారిగా అన్ని గొంతులూ పైకి వచ్చాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి. ఐదేళ్ళ నుంచి నువ్వు కూర్చునే రాతి మీద ఎవరం కూర్చోలేదని ఒకరు. అబద్ధం, రోజూ ఇదే కూర్చుంటోందని ఇంకొకరు. జూహెర్ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తోంది, ఫలానా దాని జుట్టు నెరిసిందని, ఫలానా దాని కడుపు కనబడుతోందని, ఇన్నాళ్ళూ తనకు ఎందుకు చెప్పలేదని నిలదీస్తోంది.

అరెజ్కి పుస్తకం పట్టుకుని బాట మీద వస్తూ బెలాయిద్‌ను చూసి నడక తగ్గించాడు. కొండలన్నీ అటుంటే నువ్వు ఇటు తిరిగి నిలబడ్డావేంటని అడిగాడు. బెలాయిద్ గట్టిగా దగ్గాడు. ఆ దగ్గు అర్థం తెలిసినవాడే కాబట్టి అరెజ్కి అక్కడే ఆగి, వెనక్కి తిరిగి, ఇవ్వాళ ఏం రాయమంటావని మాత్రం అడిగాడు. ఒకటి అని రాయమన్నాడు బెలాయిద్.

బూడిదరాయి అతని కాళ్ళ దగ్గర ఉంది. వెనకవైపు చెక్కి సన్నం చేస్తే తలుపులా వచ్చి కూర్చుంటుంది, ఆమె కుర్చీలో కూర్చునే ఒళ్ళోకి లాక్కుని మళ్ళీ పెట్టుకోవచ్చు. దానికి రెండు ముళ్ళ దారం చుట్టి కట్టాడు. ఇక ఆ కొలత తన జేబులో ఉండాల్సింది కాదు.

వెనక నవ్వులు తగ్గాయి. నీళ్ళ చప్పుడు మళ్ళీ వినబడింది.

"ఖాల్తీ," అన్నాడు తల తిప్పకుండా, "ఏం కనపడుతోంది?"

"నీకెందుకు. అటు చూడు."

బెలాయిద్ అటే చూశాడు.